స్వయంగా సాగు చేయువారు

విత్తనం దుంపలు కొయ్యడానికి చేతికంటే ఓపికకే ఎక్కువ పని. ప్రతి ముక్కకూ కనీసం రెండు మొలకలైనా మిగలాలి. ముక్క మరీ చిన్నదైతే మట్టిలోనే కుళ్ళిపోతుంది, పెద్దదైతే సగం చేనుకే బస్తా అయిపోతుంది. ఆమె తెల్లవారగానే వంటింట్లో గోనెపట్టా పరిచి, రెండు బస్తాల దుంపలు ముందు పోసుకుని కూర్చుంది. పొయ్యి మీద ఒక పక్క భర్త క్యారియర్‌లోకి కూర ఉడుకుతోంది, ఇంకో పక్క అత్తగారి మోకాళ్ళకు కాపడం పెట్టే నీళ్ళు కాగుతున్నాయి. లేచి గిన్నె దించడం, మళ్ళీ కూర్చోవడం, కత్తి అందుకోవడం. అలా ఏడోసారో ఎనిమిదోసారో కూర్చున్నప్పుడు భర్త ఒక కాలికే మేజోడు తొడుక్కుని కుంటుకుంటూ వచ్చి, పొడుగాటి కవరొకటి దుంపల మీద పడేశాడు.

“ఖాళీగానే ఉన్నావుగా, ఇది కూడా చూసెయ్యి,” అన్నాడు.

కోపంగా అన్న మాట కాదు. ఆ మాటకొస్తే ఆయన కోపిష్టి కూడా కాడు. కూర్చుని చేసే పనులన్నీ ఆ ఇంట్లో ఖాళీ కిందికే వస్తాయి, అంతే. బియ్యంలో రాళ్ళేరడం, బట్టలు కుట్టడం, కూతురి చేత ఎక్కాలు అప్పచెప్పించుకోవడం, దుంపలు కొయ్యడం. నిలబడి చేసేవి మాత్రం ఎవరి కంటా పడవు, ఎందుకంటే ఆ వేళకు ఆయన డిపోలో ఉంటాడు. బస్సు డిపోలో సామాన్ల గుమాస్తా ఆయన. పొద్దున ఏడింటి బస్సుకు వెళ్ళి సాయంత్రం ఆరింటి బస్సుకు వస్తాడు. ఆ రెండు బస్సుల మధ్య పైచేనూ కిందిచేనూ ఏమవుతున్నాయో పదకొండేళ్ళుగా ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు.

కవరు ఎక్కడిదో విప్పకుండానే తెలిసింది. ఏటా ఈ రోజుల్లో వచ్చేదే, సర్కారు ఇచ్చే సాగు సాయం ఫారం. ఆ ఫారాల మూలంగా వీధిలో ఆమెకు ఒక పేరు కూడా పడింది. ఫారాల అక్క అంటారు. పెళ్ళయిన ఏడాది భర్త ఫారం ఆమె నింపుతుంటే చూసి, చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకుని, పక్కింటాయన తనదీ తెచ్చిచ్చాడు. మరుసటేడు ఆయన బావమరిది వచ్చాడు. ఇప్పుడు సీజను వచ్చిందంటే సగం వీధి ఫారాలు ఆమె వంటింటి అలమరలో పంచదార డబ్బా వెనకాల ఉంటాయి. చేతిరాత బాగుండటం ఇంత నేరమవుతుందని తెలిస్తే చిన్నప్పుడే కోడిగీతలు గీసి ఉండేది.

ఆ ఫారాల్లో సాగుదారు ఎదురుగా మగవాళ్ళ పేర్లు రాస్తుంది. కిందకు వస్తే భార్య చేయు పని అని ఒక గడి. అది అడగ్గానే ప్రతి మగవాడూ ఒకేలా నవ్వుతాడు. ఏముందమ్మా, ఇంటిపని అని రాసెయ్ అంటాడు. ఆమె రాసేస్తుంది. ఆ భార్యలందరినీ ఆమె ఎరుగును. పొద్దున్నే కొడవళ్ళూ అన్నం డబ్బాలూ పట్టుకుని ఆమెతో పాటు పొలం దారిన నడిచేది వాళ్ళే. అయినా రాసేస్తుంది. తమ ఇంటి ఫారంలోనూ పదకొండుసార్లు అదే రాసుకుంది, ఆ పదకొండుసార్లూ ఎవరూ చెప్పకుండానే.

ఈసారి ఫారంతో పాటు ఒక ఉత్తరం కూడా ఉంది. భర్త బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే ఆమె గట్టిగా చదివింది. ఇకమీదట పొలం ఎవరి పేరున ఉన్నా సరే, స్వయంగా సాగు చేసేవారికే సాయం అందుతుంది. అధికారి పొలానికే వచ్చి విచారణ చేస్తాడు. పొలం ఒకరిదీ సాగు మరొకరిదీ అయితే, సొంతదారు ఆ మాట ఒప్పుకుంటూ అరపేజీ కాగితం మీద సంతకం పెడితే చాలు.

చివరి వాక్యం ఆమె రెండుసార్లు చదివింది. డబ్బు ఎలాగూ ఈ ఇంటికే వస్తుంది, మళ్ళీ విత్తనాలకే పోతుంది. కానీ ఎక్కడో ఒక ఆఫీసులో, ఒక బీరువాలో, ఒక కాగితం మీద ఆ రెండు చేలకు ఎదురుగా తన పేరు ఉంటుంది. అది ఎంత కావాలనిపించిందంటే, ఆమెకు సిగ్గేసింది కూడా.

“అరపేజీయేనండీ. మీరు సంతకం పెడితే మిగతాది నేను రాసేస్తాను,” అంది, మామూలుగా ఉండేటట్టు జాగ్రత్తపడుతూ.

ఆయన తలెత్తి చూశాడు. తరువాత నవ్వాడు. పొలం మా నాన్నది, ఊళ్ళో పేరు నాది, సాయం నీ పేరున వస్తే నలుగురిలో నేను మొహం ఎక్కడ పెట్టుకోమంటావని అడిగాడు. పెళ్ళాం చేత దున్నించుకుని తింటున్నాడని డిపోలో కథలు చెప్పుకుంటారన్నాడు. అది కథ ఎలా అవుతుందో ఆమెకు తోచలేదు. ఈలోగా వెనకగది నుంచి అత్తగారు అందుకుంది. ఆడవాళ్ళ పేర్లు ఆఫీసు కాగితాలకు ఎక్కడం తమ ఇంటావంటా లేదంది. అంటూనే కాపడం నీళ్ళు ఇంకా రాలేదేమని గుర్తుచేసింది.

“ఏముంది, ఆ అధికారి నాలుగు ప్రశ్నలడుగుతాడు,” అన్నాడు భర్త బస్సుకు పరుగెడుతూ. “నువ్వు జవాబులు రాసిపెట్టు. నేను చూసుకుంటా.”

నిజం చెప్పడానికి ఒక్క సంతకం చాలు. అది వదిలేసి నలభై మూడేళ్ళ మనిషి వ్యవసాయం బట్టీ పట్టడానికి సిద్ధపడ్డాడు. మగవాళ్ళ పట్టుదల అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నం చేను నుంచి వచ్చాక ఆమె కూతురి నోటుబుక్కులోంచి కాగితాలు చింపుకుని రాయడానికి కూర్చుంది. ఒక పేజీ సరిపోతుందనుకుంది. పైచేనులో మొక్కజొన్న ఏ తేదీన వేసిందీ, ఎన్ని సాళ్ళు, సాలుకీ సాలుకీ మధ్య ఎంత ఎడం. కిందిచేను బంకమన్ను, వాన పడితే నాలుగు రోజులదాకా అడుగు పెట్టకూడదు, పెడితే ఆ అడుగు గట్టిపడి ఆ పంటంతా అక్కడ వేరు దిగదు. పైపు దగ్గర వాషరు ఏడాదికి రెండుసార్లు పోతుంది. పురుగు ఆకు అడుగున గుడ్డు పెడుతుంది కాబట్టి పైనుంచి చూసి బాగుందనుకుంటే మోసపోతాం. రాస్తున్నకొద్దీ వస్తూనే ఉంది. నాలుగు పేజీలయ్యాయి. ఇదంతా తనలో ఎప్పుడు చేరిందో, ఎవరు నేర్పారో గుర్తులేదు. ఎవరూ నేర్పలేదు. తప్పు చేసిన ప్రతిసారీ ఒకటి తెలిసింది, అంతే. పాప కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో కలుపు తీయడానికి వంగలేక, మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో సాలూ తీసిన రోజులు కూడా రాసింది. రాసి, మళ్ళీ చదువుకుని, అది పరీక్షలో రాదులే అని కొట్టేసింది.

సాయంత్రం ఆ కాగితాలు చూసి భర్త గుడ్లు తేలేశాడు.

“ఇంతుందా? కుదించు.”

ఒకటిన్నర పేజీకి కుదించింది. మూడు రోజులు పొద్దున్నే చదువు సాగింది. ఆయన గడ్డం గీసుకుంటుంటే ఈవిడ చొక్కా ఇస్త్రీ చేస్తూ ప్రశ్నలడిగేది. విత్తనం ఎంత లోతున వేస్తారంటే మొదటిరోజు అడుగు లోతున అన్నాడు. అడుగు లోతున వేస్తే అది పైకి వచ్చేసరికి వచ్చే ఎండాకాలం అవుతుందని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. టీచరమ్మలా మాట్లాడకు అన్నాడు. రెండోరోజు పైచేనూ కిందిచేనూ తారుమారు చేశాడు. గోడ అవతల జడ వేసుకుంటున్న కూతురు, కింది చేను బంకమన్ను నాన్నా అని అందించింది. నాలుగో తరగతి పిల్లకు వచ్చింది ఆయనకు రాలేదు. మూడోరోజుకు మాత్రం పొల్లుపోకుండా అప్పచెప్పాడు. డిపోలో పదహారు వందల రకాల బోల్టుల నంబర్లు గుర్తుపెట్టుకునే బుర్ర మరి.

ఆ రోజు అత్తగారి మోకాళ్ళకు నూనె రాస్తూ ఆమె ఆగలేక అడిగింది, మీ రోజుల్లో ఆ చేలు ఎవరు చేశారత్తయ్యా అని. ఆ మోకాళ్ళు వాచి, పక్కకు తిరిగిపోయి, చేత్తో తడిమితే ఎముకలు పటపటమంటున్నాయి. మామగారు ఊరి పెద్దమనిషి, ఉతికిన బట్టలు నలగకుండా బతికాడని అందరూ చెబుతారు.

“నేను చెయ్యలేదా? ముప్పై ఏళ్ళు చేశాను. నా పేరెయ్యమని ఎవర్నైనా అడిగానా?” అంది అత్తగారు.

అందులో కోపం లేదు, గర్వం ఉంది. ఆమెకు అది వినగానే నీరసం వచ్చింది. ఇంకో ముప్పై ఏళ్ళకు ఇదే మంచం మీద కూర్చుని, ఇదే మాట ఎవరితోనో తను కూడా గర్వంగా చెబుతుందేమో. నూనె చేతులు కొంగుకు తుడుచుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

విచారణ రోజు భర్త సెలవు పెట్టాడు. పొలానికి కావాలని టౌను నుంచి కొత్త రబ్బరు బూట్లు కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక జత ఆమెది, ఆయన పాదం పట్టదు. తీరా తొడుక్కుని అద్దం ముందు నిలబడితే అవి తళతళా మెరుస్తున్నాయి. కాసేపు వాటికేసి చూసుకుని, విప్పి, ఆమె ముందు పెట్టాడు.

“వీటికి కాస్త మట్టి పుయ్యి. కొత్తవని కనిపెట్టేస్తాడు.”

పదకొండేళ్ళుగా సాయంత్రం అయ్యేసరికి పెరటి గట్టు మీద కూర్చుని తన బూట్ల మట్టి గీకి కడుక్కుంటోంది. ఇవాళ మట్టి తెచ్చి పూస్తోంది. పనికి పని, ఇందులోనూ నేర్పు కావాలి. పైకెళ్ళే కొద్దీ పల్చగా, మడమ దగ్గర మందంగా, కుట్ల దగ్గర కొంచెం ఎండినట్టు. పాత బ్రష్షుతో పూసి ఎండలో పెట్టింది. ఆయన చూసి నిజమైనవాటిలాగే ఉన్నాయని మెచ్చుకున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒక్క పదినిమిషాలు ఎక్కడైనా పడుకోవాలనిపించింది.

పదిన్నరకు అధికారి వచ్చాడు. సన్నగా, చెమటలు కక్కుతూ, చంకలో లావుపాటి ఫైలుతో. మాట నెమ్మది, మర్యాదస్తుడు. ఇద్దరూ పైచేను గట్టు మీద నిలబడ్డారు. ఆమె టీ ఫ్లాస్కూ గ్లాసులూ పట్టుకుని రెండడుగుల వెనక నిలబడింది. అత్తగారు రానంది, నడవలేదు కదా.

భర్త దంచేశాడు. అడగడం ఆలస్యం, తేదీలు, సాళ్ళు, ఎడం, ఎరువు, అన్నీ. ఆకు తిప్పి అడుగున గుడ్లు చూపించాడు. కిందిచేను వైపు అధికారి అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, మొన్న వాన పడింది సార్, రేపటిదాకా తొక్కకూడదు అన్నాడు. అధికారి మొహం విప్పారింది. ఈ నెలలో అరవై పొలాలు తిరిగాననీ, ఇంత శ్రద్ధగా సేద్యం చేసేవాణ్ణి చూడలేదనీ అన్నాడు. భర్త వినయంగా తల వంచుకున్నాడు. ఆమె వింటోంది. తన మాటలే, తన వరసలోనే, కొన్నిచోట్ల తన ఉపమానంతో సహా, ఆయన గొంతులోంచి వస్తున్నాయి. ఏమీ మిగల్లేదనిపించింది. ఎవరో ఇంట్లో దూరి సామాను పట్టుకుపోతుంటే తలుపు తీసిపెట్టినట్టుంది. తీసిపెట్టింది తనే, ఇంకెవరి మీద కోపగించుకోవాలి?

అక్కడితో ఆగినా బాగుండేది. మెచ్చుకోలు తలకెక్కిందేమో, భర్త కాగితంలో లేనిది మొదలుపెట్టాడు.

“కలుపు తీసి తీసి నడుం పడిపోయింది సార్. పొద్దున లేవగానే గోడ పట్టుకుని పదినిమిషాలు నిలబడితేగానీ అడుగు పడదు.”

అని, చెయ్యి నడుం వెనక్కి పెట్టి, కొంచెం ఎడమవైపుకు ఒరిగి చూపించాడు.

ఆ నొప్పి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి చెప్పలేదు, కూతురికి తెలియదు. రోజూ ఐదింటికి, ఆయన అటు తిరిగి నిద్రపోతున్నాడనుకుని, ఆమె మంచం దిగి గోడ పట్టుకుని నిలబడుతుంది. నొప్పి ఎడమవైపే. ఒరగడం సరిగ్గా అలాగే. అంటే ఆయన నిద్రపోవడం లేదు. చూశాడు. ఎన్నాళ్ళుగానో చూస్తున్నాడు. లేచి ఒకసారి ఏమైందని అడగలేదు, మందు తెస్తాననలేదు, ఆ పూట పొలం మానెయ్యమనలేదు. చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆ నొప్పిని గుర్తుపెట్టుకున్నాడు, అవసరం వస్తే వాడుకోవచ్చని. ఇన్నాళ్ళూ ఆయనకు తెలియదులే అనుకుని సర్దుకుంది. తెలియకపోవడం వేరు, మగవాళ్ళకు ఇవన్నీ తెలియవు అని తనకు తనే సర్ది చెప్పుకునేది. ఆ సర్దుబాటు ఇప్పుడు గట్టు మీద నిలబడి ఉండగానే పోయింది.

అధికారి పాపం అన్నట్టు తల ఊపి, వ్యాయామం ఏదో చెప్పి, ఫైలు తెరిచాడు. మిగిలినవి లాంఛనాలే అన్నాడు. ఆమె వైపు తిరిగి, మీరేం చేస్తుంటారమ్మా అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపలే భర్త జవాబిచ్చాడు. ఇంట్లోనే ఉంటుంది సార్, ఇంటిపని అన్నాడు. అధికారి రాసుకున్నాడు.

తరువాత ఒక కాగితం తీసి ఫైలు మీద పరిచాడు. కుటుంబ సభ్యుల్లో ఒకరు సాక్షి సంతకం పెట్టాలట. పెట్టకపోతే దరఖాస్తు ఆగిపోతుంది, అప్పుడు అసలు సాగు చేసేవాళ్ళెవరో వాళ్ళ పేరున మళ్ళీ మొదటినుంచీ రాసుకోవాలి, దానికి వేరే అరపేజీ ఫారం ఉంటుంది, అదీ ఇందులోనే ఉంది, మీకు దాంతో పని లేదు లెండి అని నవ్వాడు. పెన్ను ఆమెకు ఇచ్చాడు.

సంతకం చేయవలసిన చోట ఇంటూ గుర్తు కూడా పెట్టి ఉంది. మిగతావాళ్ళయితే అక్కడ పెట్టేసి వెళ్ళిపోతారు. ఆమె ఫారాల అక్క. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టదు, పెట్టనివ్వదు. గ్లాసులు గట్టు మీద పెట్టి చదివింది. పైన తెలిపిన వ్యక్తి ఈ భూమిని స్వయంగా సాగు చేయుట నేను కళ్ళారా చూచితిని అని ఉంది.

“పెట్టెయ్యి, పాపం సార్‌కి ఇంకా రెండూళ్ళున్నాయి,” అన్నాడు భర్త.

పెట్టకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్ళాక నాలుగు రోజులు మాటలుండవు. అత్తగారు అన్నం దగ్గర కంచం జరిపి లేచిపోతుంది. డిపోలో కథలు మొదలవుతాయి. సాయం ఆలస్యమైతే ఎరువు అరువు తేవాలి, ఆ షాపువాడి ముందు నిలబడేది కూడా తనే. ఇవన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు కనబడ్డాయి. భయం వేసింది కూడా. కానీ భయం కంటే అలసట పెద్దదిగా ఉంది. అబద్ధం ఆడటానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. మూడు రోజులు రాసి, నేర్పి, కుదించి, బూట్లకు మట్టి పూసేసరికి ఆ ఓపిక కాస్తా అయిపోయింది. సంతకానికి పెన్ను ఎత్తడమంటే మళ్ళీ వంగి ఇంకో సాలు కలుపు తియ్యడంలా తోచింది.

పెన్నుకు క్యాపు పెట్టి అధికారికి తిరిగి ఇచ్చేసింది. భర్త నవ్వుతూనే ఉన్నాడు, ఇంకా అర్థం కాలేదు.

ఆ అరపేజీ ఫారం ఇటివ్వండి అని ఆమె చెయ్యి చాచింది. అధికారి బుర్ర గోక్కుని, ఎందుకమ్మా, ఏమైందన్నాడు. గొంతు పెంచకుండా, దారి అడిగినవాళ్ళకు చెప్పినంత మామూలుగా చెప్పింది.

“నేను రోజూ ఈ పొలంలోనే ఉంటానండీ. ఈయన్ని ఇక్కడ చూడటం ఇవాళే.”